చెట్టుకు కౌలు కట్టే జాతి

గ్రహాంతర జీవుల కథ రాయబూనిన వాళ్లలో చాలామంది ఏదో ఒక దశలో చెట్టు నీడకు చేరతారు. ఎక్కడో దూరపు గ్రహం, మబ్బులను తాకే మానులు, వాటి తొర్రల్లో కాపురముండే సన్నపాటి జీవులు. చెట్టు వాళ్లకు తిండి పెడుతుంది, వాళ్లు చెట్టుకు పాటలు పాడతారు. చదవడానికి హాయిగానే ఉంటుంది కానీ రెండో పేజీ తిప్పేసరికి నమ్మకం సడలుతుంది. తిండికి బదులుగా పాట పుచ్చుకునే చెట్టు ఎన్నాళ్లు బతుకుతుంది? అడవిలో ఏ చెట్టూ ఊరికే పెట్టదు, పెట్టినదానికి ఎక్కడో ఒకచోట వసూలు చేసుకుంటుంది. ఆ వసూలు ఎలా సాగుతుందో చెప్పగలిగితే ఊహాజాతి నిలబడుతుంది. చెప్పలేకపోతే అది ఒంటికి పచ్చరంగు పూసుకున్న మనిషే.

ఈ సంగతి తేల్చుకోవడానికి ఇంకో గ్రహం దాకా పోనక్కర్లేదు. వరంగల్ నుంచి ములుగు మీదుగా తాడ్వాయి, ఏటూరునాగారం వైపు సాగే అడవి చాలు. మేడి, ఇప్ప, తునికి, మోదుగ, టేకు, వెదురు అన్నీ అక్కడే ఉన్నాయి. చెట్టుతో ముడిపడిన గ్రహాంతర జాతి ఒకటి ఉందనుకుని, ఆ అడవినే గీటురాయిగా పెట్టి పరీక్షించవచ్చు. పిలుచుకోవడానికి దానికి ‘వేరుజాతి’ అని పేరు పెడదాం. చెట్టు వేరూ వేరే, మనకంటే వేరైనదీ వేరే. తెలుగు ఒక్క మాటతో రెండు పనులూ చేసిపెట్టింది.

శాస్త్ర పుస్తకాలు ఇలాంటి బంధాన్ని సహజీవనం అంటాయి. ఆ మాట ఇప్పుడు పత్రికల్లో పెళ్లి కాని జంటల పాలైంది కాబట్టి, వరంగల్ పల్లెల్లో ఎవరినడిగినా అర్థం చెప్పగల ‘కౌలు’ అన్న మాటే ఇక్కడ నయం. కౌలులో భూమి ఒకరిది, రెక్కల కష్టం ఇంకొకరిది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం ఉండాలన్న నియమమేమీ లేదు. పంట పోయిన ఏడు ఎవరు ఎంత భరించాలన్న తగాదా మాత్రం తప్పకుండా ఉంటుంది.

మొదట మేడి సంగతి. మేడిపండు పొట్టలోని పురుగుల మీద తెలుగువాళ్లకు బడి రోజుల నుంచీ చెడ్డ అభిప్రాయమే. పైకి నిగనిగలాడుతూ లోపల కుళ్లిన మనిషికి దాన్నే పోలికగా తెస్తారు. వృక్షశాస్త్రం తెలిసినవారికి ఆ నింద అన్యాయంగా తోస్తుంది. మేడికాయ అని మనం పిలిచేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. గోడకు లోపలి వైపున వందల కొద్దీ చిన్న పూలు, కొసన ఒక సన్న రంధ్రం, దాన్ని మూస్తూ పొలుసులు. రెండు మిల్లీమీటర్ల ఆడ కందిరీగ ఒకటి పుప్పొడి మోసుకొచ్చి ఆ పొలుసుల మధ్య దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి కాబట్టి ఇక వెనక్కి తిరిగే పని లేదు. ఆ చీకట్లో పూలకు పుప్పొడి అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చస్తుంది. కొన్ని వారాలకు ముందుగా మగ పురుగులు బయటపడతాయి. వాటికి రెక్కలే ఉండవు. ఇంకా పూల బుడిపెల్లో ఉన్న ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తొలిచి, చచ్చిపోతాయి. ఆడవి కొత్త పుప్పొడి ఎత్తుకుని ఆ సొరంగంలోంచి ఎగిరిపోతాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆలోగా సరైన దశలో ఉన్న మరో మేడి చెట్టు దొరకాలి. ఇదంతా అయ్యాకే కాయ ఎర్రబడి, మెత్తబడి, కోతులకూ పిట్టలకూ గబ్బిలాలకూ పండవుతుంది.

చెట్టు ఇందులో తన విత్తనాల్లో కొంత భాగాన్ని పురుగు పిల్లలకు ధారపోసింది. పురుగు రాకపోతే మిగతా భాగం కూడా విత్తనంగా మారేది కాదు. అత్తి, మేడి, మర్రి, రావి ఉన్న ఈ కుటుంబానికీ ఈ కందిరీగలకూ నడుమ ఒప్పందం 7 కోట్ల ఏళ్లకు పైగా నడుస్తోంది.

కథకుడికి అసలు సరుకు దీని వెనక ఉంది. ఇదే మేడికాయ మీద ఇంకో రకం కందిరీగలు వాలతాయి. ఇవి లోపలికి దూరవు, రెక్కలు పోగొట్టుకోవు, పుప్పొడి తేవు. తోకలాంటి పొడవాటి సూదిని బయటి నుంచే కాయ గోడలోకి దింపి గుడ్లు పెట్టి పోతాయి. కూలికి పోనివాడు పంపకానికి వచ్చి కూర్చోవడం లాంటిది ఇది. అయితే చెట్టు మరీ అమాయకురాలేమీ కాదు. పుప్పొడి అందని కాయలను పండనీయకుండా రాల్చేయడం అత్తి కుటుంబంలోని అనేక జాతుల్లో గమనించారు. కాయతో పాటే లోపలి పురుగు పిల్లలూ నేలపాలు. చెట్టుకు కళ్లు లేవు, కోపం లేదు, తప్పు చేసిన పురుగును గుర్తుపట్టే శక్తీ లేదు. అయినా జరిమానా పడింది.

వేరుజాతికి దీన్ని అన్వయిస్తే కథ ఒక్కసారిగా చిక్కబడుతుంది. వాళ్ల పిల్లలు తల్లి కడుపులో కాక చెట్టు బోదె మీద పెరిగే బుడిపెల్లో పెరుగుతారనుకుందాం. ఆ ఏడు పెద్దలు చేయవలసిన పని చేయకపోతే చెట్టు బుడిపెను ఎండగడుతుంది. ఎవరు పని ఎగ్గొట్టారో చెట్టుకు తెలియదు, తెలిసేది ఇరుగుపొరుగుకే. అప్పుడు ఊళ్లో నిఘా పుడుతుంది, అనుమానం పుడుతుంది, తన వంతు చేశానని రుజువు చూపుకోవలసిన అవసరం పుడుతుంది. సాక్ష్యం, పంచాయతీ, తప్పు కట్టడం అన్నీ ఒక్క బుడిపె నుంచి మొలుస్తాయి. పాటలు పాడే జాతిలో ఇవేవీ మొలవవు.

ఇంతకీ వేరే గ్రహం మీద చెట్టు ఉంటుందా అని ఎవరైనా అడిగితే, ఉండడానికి అడ్డేమీ కనబడదు. చెట్టు అనేది ఒక వంశం పేరు కాదు. తాటిచెట్టుకు టేకు కంటే వరిమొక్క దగ్గరి చుట్టం, వెదురు అచ్చంగా గడ్డి. వెలుతురు కోసం పోటీ ఉన్న చోట, గట్టి కాండం కట్టుకోగల మొక్కలు వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా చెట్ల రూపానికి చేరాయి. భూమ్మీద ఆ పని మొదలై 38 కోట్ల ఏళ్లు దాటింది. అపరిచితమైన అడవి ఎలా ఉంటుందో చూడాలంటే భూపాలపల్లి, రామగుండం గనుల్లోని రాతిపలకలే ఉన్నాయి. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు మునుపటి పెర్మియన్ కాలపు అడవి. అందులో ముఖ్యమైన చెట్టు గ్లాసోప్టెరిస్, నాలుక ఆకారపు ఆకులది. దానికి పూలు లేవు, దాని వంశం ఇప్పుడు భూమ్మీద లేదు. ఇక గ్రహాంతర వృక్షాల ఆకులు పచ్చగానే ఉండాలన్న పట్టింపు కూడా అక్కర్లేదు. 2016లో కనుగొన్న ప్రాక్సిమా బి లాంటి గ్రహం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో మందకొడి ఎర్రనక్షత్రం చుట్టూ తిరుగుతోంది. అలాంటి వెలుతురులో ప్రతి కిరణాన్నీ పట్టుకోవలసిన ఆకు నల్లగా ఉంటుందని ఊహించేవారున్నారు.

రంగు కంటే పెద్ద చిక్కు తిండి లెక్క. చాలా ఊహాజాతులు ఇక్కడే బోర్లా పడతాయి.

మనకు తెలిసిన ఎండతోనే లెక్క కట్టవచ్చు. తెలంగాణలో చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున పడే ఎండ దాదాపు 5 యూనిట్లు, అంటే కరెంటు బిల్లులో కనిపించే అవే యూనిట్లు. ఒక యూనిట్ 860 కిలోకేలరీలు, 5 యూనిట్లు 4,300. మొక్కలు ఇందులో తిండిగా మార్చుకోగలిగేది నూటికి ఒకటి రెండు పాళ్లు. ఒంట్లో పత్రహరితం ఉన్న జీవి చదరపు మీటరు వీపును రోజంతా ఎండకు పెట్టి కూర్చున్నా, రెండు పాళ్ల లెక్కన దక్కేది 86 కిలోకేలరీలు. అంటే రెండు చిన్న ఇడ్లీలు. ఆకుపచ్చ చర్మంతో ఎండ తాగి బతికే మనుషులు రెండు ఇడ్లీల బలంతో పరుగెత్తుతూ యుద్ధాలు ఎలా చేస్తారో వాటి సృష్టికర్తలే చెప్పాలి.

కాబట్టి జీవికి సొంత ఆకు చాలదు, చెట్టు ఆకు కావాలి. కొమ్మలు 11 మీటర్ల మేర విప్పుకున్న పెద్ద ఇప్ప చెట్టు దాదాపు 100 చదరపు మీటర్ల ఎండను పడుతుంది. ఒక పాలు లెక్కన రోజుకు 4,300 కిలోకేలరీలు. అందులో సుమారు సగం చెట్టు తన ఊపిరికే ఖర్చు పెట్టుకుంటుంది. మిగిలిన సగంతో ఆకు, కలప, వేరు, విత్తనం కట్టుకోవాలి. ఆ మిగులులో పదో వంతు కౌలుదారుకు ఇచ్చిందనుకున్నా 215 కిలోకేలరీలే. మనిషంత జీవికి రోజుకు 2,000 కావాలి. అంటే ఒక్కొక్కరికి తొమ్మిదీ పది పెద్ద చెట్లు. వందమంది ఉన్న గూడేనికి వెయ్యి చెట్లు, అంటే కొమ్మా కొమ్మా తాకేలా నిలిచిన అడవి 10 హెక్టార్లు, మన లెక్కలో 25 ఎకరాలు. మహావృక్షం ఒక్కటి, దాని తొర్రల్లో పట్టణమంతా అన్న చిత్రం ఈ లెక్కతో చెరిగిపోతుంది. దానికి బదులు వచ్చేది మరింత ఆసక్తికరంగా ఉంది: పలచగా పరుచుకుని, తలా పది చెట్లను చూసుకుంటూ తిరిగే జనం. వాళ్లలో పెళ్లి అంటే ఇరవై చెట్లు ఒక్క చేతి కిందికి రావడం. కట్నం మాట అంతటితో ఆపడం మంచిది.

సరే, చెట్టు పెట్టింది. వేరుజాతి తిరిగి ఏమి కడుతుంది? చెట్టుకు చక్కెర కొదవ లేదు, దానికి లేనివి కాళ్లు, నత్రజని, భాస్వరం. కాళ్లతో చేసే పని తెలిసిందే, పుప్పొడినీ విత్తనాన్నీ మోయడం. నత్రజని సంగతి కథకులు తరచూ మరిచిపోతారు, బహుశా మర్యాద కొద్దీ. తెలంగాణ పల్లెల్లో మాత్రం అందులో మొహమాటం లేదు. కోత అయిన పొలంలో రైతు గొర్రెల మంద కట్టిస్తాడు. రాత్రంతా మంద అక్కడే పడుకుంటుంది, తెల్లారేసరికి పొలానికి ఎరువు పడుతుంది, మంద కాపరికి అందుకు ధాన్యమో డబ్బో ముడుతుంది. వేరుజాతి కట్టే కౌలు కూడా పడకలోనే ఉండవచ్చు. ఏ రాత్రి ఏ చెట్టు కింద పడుకోవాలన్నది వాళ్లకు ఇష్టాయిష్టాల విషయం కాదు, బాకీల పట్టిక. బెజ్జూరు, జన్నారం వైపు పొలాల్లో మంద పడుకున్న మర్నాటి ఉదయపు వాసన తెలిసినవాడు ఈ గ్రహాన్ని ముక్కుతో కూడా నమ్ముతాడు.

ఇక అన్నిటికంటే గట్టి పరీక్ష ఎండాకాలం. ఉత్తర తెలంగాణది ఆకు రాల్చే అడవి. చలి తగ్గి ఎండ ముదిరేసరికి టేకు బోసిపోతుంది. ఆకు లేని చెట్టు సంపాదించదు, సంపాదించని చెట్టు కౌలుదారుకు పెట్టదు. ఒకే చెట్టును నమ్ముకున్న జీవి ఆ రెండు మూడు నెలలు పస్తు ఉండాలి, లేదా నిద్రపోవాలి. కానీ అడవి మొత్తం ఒకేసారి గల్లాపెట్టె మూయదు. ఫిబ్రవరి, మార్చిలో ఒక్క ఆకూ లేని మోదుగ ఒళ్లంతా పూస్తుంది, తేనె కోసం పిట్టలు మూగుతాయి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప. ఆ తర్వాత తునికి లేతాకు. మేడి మాత్రం తన సొంత తారీఖుల ప్రకారం ఏడాదిలో పలుమార్లు కాస్తుంది, అందుకే మిగతా అడవి ఎండిన రోజుల్లో జంతువులన్నీ దాని కిందికే చేరతాయి.

ఇప్ప దగ్గర కాసేపు ఆగాలి. పువ్వు రాత్రి విచ్చుకుంటుంది, గబ్బిలాలు వస్తాయి, తెల్లవారుజామున కండగల లేతపసుపు రేకులు టపటపా రాలతాయి. కోయ, గోండు ఆడవాళ్లు బుట్టలతో వచ్చి చీకటి విడవకముందే ఏరడం మొదలుపెడతారు, ఎలుగుబంట్లు అంతకంటే ముందే వచ్చిపోతాయి. రాలింది రేకుల గొట్టమే. కాయ కావలసిన భాగం కొమ్మ మీదే ఉండిపోయి, నూనెగింజ అవుతుంది. అంటే ఎంత ఏరుకున్నా చెట్టు సంతానానికి నష్టం లేదు. పని ముగిసిన తర్వాతే జీతం చేతిలో పడే ఏర్పాటు ఇది. తునికిది ఇంకో తరహా. ఎండాకాలం మొదట్లో పొదను కొట్టేస్తే ఆ దెబ్బకు నెలన్నరలో మెత్తటి కొత్త ఆకు వేస్తుంది. దాన్ని కోసి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో ఎండబెడతారు. ఇప్ప ఇవ్వడానికి ఊరుకుంటే చాలు, తునికి ఇవ్వడానికి దెబ్బ తగలాలి. వేరుజాతి భాషలో ‘తీసుకోవడం’ అన్న క్రియకు కనీసం రెండు మాటలు ఉండక తప్పదు.

అంటే ఆ జాతికి సొంత చెట్టు అనేది ఉండదు, చెట్ల పంచాంగం ఉంటుంది. ఆ పంచాంగంలో కొన్ని పేజీలు ఒక జీవితకాలంలో ఒకటి రెండుసార్లే తెరుచుకుంటాయి. మన అడవుల్లోని వెదురు కొన్ని దశాబ్దాలకోసారి మూకుమ్మడిగా పూసి, గింజ రాల్చి, మొత్తానికి మొత్తం ఎండిపోతుంది. గింజ రాలిన ఏడు విందు, ఎలుకల సంత. ఆ తర్వాతి ఏళ్లు వెదురే లేని కరువు. ముందటిసారి ఏమి జరిగిందో చెప్పగల ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురైనా మిగలకపోతే ఆ విందులో పిల్లలను ఎక్కువ కని, తర్వాత పోగొట్టుకుంటారు. పెద్దల మాటకు విలువ ఎందుకుందో ఆ సమాజంలో ఎవరూ నీతులు చెప్పి నేర్పనక్కర్లేదు.

శరీరాలు రెండూ నిజంగా అతుక్కుపోయే రకాన్ని కోరుకునే కథకులకు మామిడి కొమ్మ మీది బదనిక ఉంది. తన పచ్చదనంతో తన చక్కెర తానే చేసుకుంటుంది, నీళ్లూ లవణాలూ మాత్రం కొమ్మలోకి వేరు దింపి పీలుస్తుంది. దాని జిగురు పండ్లు తిన్న చిన్న పిట్ట ముక్కు నుంచో మలం నుంచో గింజను ఇంకో కొమ్మకు రుద్దుతుంది. తోటమాలి దృష్టిలో దొంగ, పిట్ట దృష్టిలో అన్నదాత. మామిడి ఆకులను కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలూ అలాంటివే. ఆకు తినే పురుగులను తరిమికొడతాయి, అదే చేత్తో చెట్టు రసం పీల్చే పురుగులను తీపి కోసం ఆవుల్లా మేపుకుంటాయి. కాపలా కాస్తూనే కొంత కాజేసే ఈ తరహా ఉద్యోగుల గురించి తెలుగు పాఠకుడికి వివరించవలసింది తక్కువ.

అతుక్కుపోవడంలో ఉన్న ప్రమాదాన్ని 2024 ఆగస్టు 31 చూపించింది. తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఆ రోజు వీచిన పెనుగాలికి వేల చెట్లు కొన్ని గంటల్లో వేళ్లతో సహా ఒరిగిపోయాయి. కౌలుదారు ప్రాణం ఒకే చెట్టుతో ముడిపడి ఉంటే ఆ సాయంత్రంతో జాతి చరిత్ర సగం ముగుస్తుంది. ప్రకృతిలో ఇంత గట్టి ముడి వేసుకున్న జీవులు లేకపోలేదు. మేడి కందిరీగే ఉంది. కానీ అది వేల సంఖ్యలో పుట్టి ఒకటి రెండు రోజుల్లో పోయే జీవి, నష్టాన్ని సంఖ్యతో పూడ్చుకుంటుంది. అరవై ఏళ్లు బతికి ఇద్దరు పిల్లలను కనే జీవికి ఆ ధైర్యం చెల్లదు. ఆయుష్షు పెరిగే కొద్దీ ముడి వదులు కావాలి.

భక్తి మాటేమిటని అడగవచ్చు, ముఖ్యంగా మేడారం పేరు వచ్చాక. రెండేళ్లకోసారి మాఘమాసంలో చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వచ్చేది విగ్రహంగా కాదు, కుంకుమ భరిణె రూపంలో. గద్దెల మీద నిలిచేది అడవి నుంచి తెచ్చిన వెదురు. చెట్టులో పూర్వీకుణ్ణి చూసే జాతిని కల్పించడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం అక్కర్లేదు. అయితే ఆ మొక్కు జ్ఞాపకానికి సంబంధించినది, తిండి లెక్కకు కాదు. జాతర చేసుకునే జనమే ఇప్పపూలు ఏరుతారు, తునికాకు కోస్తారు, రెండింటినీ కలగాపులగం చేయరు. ఊహాజాతికి కూడా దేవుడి చెట్టు వేరుగా, కూటి చెట్టు వేరుగా ఉంటే సహజంగా ఉంటుంది. దేవుడి చెట్టు మీద కత్తి పెట్టవలసిన కరువు వచ్చిన నాడే కథ మొదలుపెట్టవచ్చు.

కౌలు లెక్క ఎక్కడ రాసి ఉంటుందన్నది చివరి చిక్కు. కాగితం లేని జాతికి లెక్కల పుస్తకం ఏది? వరంగల్ చుట్టుపక్కల కల్లు గీసే ఈత చెట్టును చూస్తే దారి దొరుకుతుంది. గీత కార్మికుడు మొవ్వు కింది మెత్తటి భాగాన్ని పలచగా చెక్కి, లొట్టి కట్టి వస్తాడు. రోజూ గీస్తే చెట్టు తట్టుకోలేదు, మధ్యలో విరామం ఇవ్వాలి. లోతుగా దిగితే మొవ్వే చస్తుంది. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు ఎదురు పక్క. చెట్టు పెరిగే కొద్దీ పాత గాట్లు కిందికి మిగిలిపోతాయి, ఇటొకటి అటొకటిగా, మెట్లలా. నేల నుంచి తల ఎత్తి లెక్కపెడితే ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో, ఏ ఏళ్లు వదిలేశారో తెలిసిపోతుంది.

వేరుజాతి పిల్ల ఒకతె మొదటిసారి తన వంతు పది చెట్లను లెక్కచూసుకోవడానికి వెళ్లిందనుకుందాం. వెంట వచ్చిన ముసలమ్మ ఏమీ చెప్పదు, బోదెను తడమమంటుంది. పిల్ల వేళ్లు గాటు మీద గాటుగా పైకి పోతాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. మళ్లీ ఎడమ. అక్కడ బోదె సన్నబడి, పక్కకు వంగి ఉంది. ఆ ఏడు ఎవరు గీశారని అడుగుతుంది. నీ తల్లి, అంటుంది ముసలమ్మ, నువ్వు బుడిపెలో ఉన్న ఏడు.